నిజాంసాగర్ ఇంజనీరు గురించి

ప్రియమైన రమేశ్‌కు,

నీటిపారుదల శాఖలో నీకు ఉద్యోగం వచ్చిందని తెలిసి ఇంటిల్లిపాదీ సంతోషించాము. ఆ శాఖలో పనిచేసిన పెద్దల్లో ముందుగా ఎవరి గురించి తెలుసుకోవాలని అడిగావు కదా, మా బాన్సువాడ వైపు ఎవరిని అడిగినా చెప్పే పేరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్.

ఆయన అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 1877 జూలై 11న హైదరాబాదులో పుట్టి, నిజాం కాలేజీలో చదివి, సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో ఇంగ్లండులోని కూపర్స్ హిల్ ఇంజనీరింగ్ కాలేజీకి వెళ్లారు. తిరిగి వచ్చాక 1899లో అసిస్టెంటు ఇంజనీరుగా చేరి చీఫ్ ఇంజనీరు దాకా ఎదిగారు. పాలేరు, వైరా, హిమాయత్‌సాగర్ జలాశయాలు ఆయన హయాంలోనివే. ఆయన పుట్టినరోజునే మనం తెలంగాణ ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటున్నాము.

నా మనసుకు దగ్గరైనది మాత్రం నిజాంసాగర్. మంజీర మీద 1923లో పని మొదలుపెట్టి 1931 నాటికి పూర్తిచేశారు. ఆయకట్టు, అంటే దాని కింద సాగయ్యే భూమి, 2,75,000 ఎకరాలు. ఆ నీటితో చెరకు పండబట్టే బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది. యాసంగికి నీళ్లు వదిలే రోజున ప్రధాన కాలువ గట్టు మీద నిలబడి చూడాలి: లష్కర్, అంటే కాలువ నీళ్లు చూసుకునే ఉద్యోగి, తూము దగ్గర చక్రం తిప్పి షట్టరు ఎత్తగానే, ముందు చెత్తాచెదారాన్ని తోసుకుంటూ మురికి నీరు, ఆ వెనుక నిండుగా అసలు నీరు పిల్లకాలువలోకి దిగుతుంది. పొలం దాకా నీరు చేరేలా ఆలోచించిన మనిషి కనుకనే ఆయనంటే నాకు అంత గౌరవం.

కట్టడాలతోపాటు నీటి పంపకంలోనూ ఆయన పాత్ర పెద్దది. తుంగభద్ర నీటి కోసం మద్రాసు ప్రభుత్వంతో ఏళ్ల తరబడి సాగిన చర్చల్లో హైదరాబాదు పక్షాన గట్టిగా వాదించారు. చివరికి 1944లో ఒప్పందం కుదిరి, మరుసటి ఏడాదే తుంగభద్ర డ్యామ్‌కు శంకుస్థాపన జరిగింది. లెక్క కట్టడమూ, ఎదుటివారితో కూర్చొని ఓపికగా మాట్లాడడమూ రెండూ తెలిసిన అధికారులు ఎప్పుడూ కొద్దిమందే ఉంటారని నా నమ్మకం.

ఇప్పుడు నిజాంసాగర్‌ పరిస్థితి చూస్తే బాధ కలుగుతుంది. మొదట్లో దాదాపు 30 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు) పట్టిన జలాశయం పూడిక వల్ల 18 టీఎంసీల లోపుకు వచ్చింది. పైగా ఎగువన సింగూరు డ్యామ్ కట్టి హైదరాబాదుకు తాగునీరు తీసుకోవడంతో కిందికి రావలసిన ప్రవాహమూ తగ్గింది. నగరం దాహం తీరవలసిందే, కాదనను. అయితే కాలువ చివరి ఆయకట్టు రైతుకు ఎన్ని తడులు అందుతాయో నాట్లకు ముందే తెలియాలి. నీకు ఏ డివిజన్ ఇచ్చినా, మొదట ఆ చివరి భూములకే వెళ్లి చూడు; ఆఫీసు రిజిస్టర్లు తర్వాత తిరగేయవచ్చు.

పోస్టింగ్ ఎక్కడో తేలగానే రాయి. వీలైతే చేరేలోపు ఒకసారి ఇక్కడికి రా, డ్యామ్ దగ్గర నుంచి కాలువ వెంట వెళ్లి చూసొద్దాం.

నీ మిత్రుడు,
శ్రీధర్