స్కోర్ షీట్‌లో ఫౌళ్లు మాత్రమే కనిపించే కుర్రాడు

సంపాదకుడు గారికి నమస్కారం.

గత ఆదివారం మీ జిల్లా పేజీలో మన జట్టు బాస్కెట్‌బాల్ సెమీఫైనల్ గెలిచిన వార్త వేశారు. చదివి నాలుగు రోజులైంది. పోనీలే అనుకున్నాను గానీ, ఆ వార్తలో చివరి వాక్యం గుర్తొచ్చినప్పుడల్లా మనసు మండుతోంది. పాయింట్లు కొట్టిన ఇద్దరి ఫొటోలు పెద్దగా వేశారు, సంతోషం. వాళ్లు బాగా ఆడారు. అట్టడుగున మాత్రం ‘ఏడో నంబరు ఆటగాడు నాలుగు పాయింట్లకే పరిమితమయ్యాడు’ అని రాశారు. మ్యాచ్ మొత్తం కూర్చుని చూసినవాళ్లెవరూ ఆ మాట రాయరు. మర్నాడు టీ కొట్టు దగ్గర పేపరు పట్టుకుని, ఆ కుర్రాణ్ని తీసేసి ఇంకో షూటర్‌ని పెట్టాలని నలుగురు మాట్లాడుతుంటే విన్నాను. అందుకే ఈ ఉత్తరం.

నేను ఆ సిమెంటు కోర్టు మీద పదిహేనేళ్లు ఆడాను. మోకాళ్లు సహకరించక మానేశాను గానీ, అక్కడ మ్యాచ్ జరుగుతోందంటే వెళ్లకుండా ఉండలేను. కాబట్టి ఆ రోజు ఏం జరిగిందో చెప్పగలను.

హాఫ్ టైమ్ అయ్యేసరికి మనం తొమ్మిది పాయింట్లు వెనకబడి ఉన్నాం. అవతలి జట్టులో పొడుగు చేతుల కుర్రాడొకడు ఎటునుంచి వేసినా బంతి రింగులో పడుతోంది. మూడో క్వార్టర్‌లో మన కోచ్ ఏడో నంబరును దింపారు. లోపలికి వచ్చే ముందు అతను చేసిన పని నాకు ఇంకా కళ్లముందే ఉంది. బెంచీ మీదున్న తువ్వాలు కొస నీళ్లలో తడిపి, రెండు బూట్ల అడుగులూ తుడుచుకున్నాడు. ఆట ఆగిన ప్రతిసారీ గీత దగ్గరికొచ్చి మళ్లీ తుడుచుకున్నాడు. ఎందుకంటే ఆ కోర్టు మీద వారం కిందటి దాకా దాళ్వా ధాన్యం ఆరబోశారు. పైపైన ఊడ్చారు గానీ ఆ నూగు, దుమ్ము పోలేదు. మిగతావాళ్లంతా జర్రున జారుతుంటే అతనొక్కడూ నిలబడ్డాడు.

ఆ పొడుగు చేతుల కుర్రాణ్ని పట్టుకున్న తీరు చూడాలి. బంతి వంక చూడడు. అవతలివాడి నడుం వంక చూస్తాడు. భుజం అటు ఊపి ఇటు రావచ్చు, కళ్లు అటు చూపి ఇటు దూకొచ్చు, నడుం కదలకుండా మాత్రం మనిషి ఎటూ పోలేడు. అది తెలిసిన ఆట అతనిది. మూడు నిమిషాల పాటు ఆ కుర్రాడికి బంతి సరిగ్గా అందనే లేదు. బంతి ఇవ్వరేంటని సొంత జట్టువాళ్ల మీదే అరిచాడు. చివరికి కోపం కొద్దీ బంతి తీసుకుని నేరుగా దూసుకొచ్చాడు. ఏడో నంబరు ముందే వెళ్లి అడ్డంగా నిలబడి, గుండెల మీద దెబ్బ కాచుకుని, సిమెంటు మీద వెల్లకిలా పడ్డాడు. మోచేయి చర్మం లేచిపోయింది. రిఫరీ చార్జ్ ఇచ్చారు, అంటే కదలకుండా నిలబడ్డవాణ్ని గుద్దినందుకు దూసుకొచ్చినవాడిదే ఫౌల్. వాళ్ల బాస్కెట్ పోయింది, బంతి మనకొచ్చింది, ఐదో ఫౌల్ పడితే ఆట నుంచే అవుట్ కాబట్టి ఆ పొడుగు కుర్రాడు నాలుగో ఫౌల్‌తో బెంచీ ఎక్కాడు. మ్యాచ్ తిరిగింది అక్కడే. మీ వార్తలో ‘మూడో క్వార్టర్‌లో జట్టు పుంజుకుంది’ అని ఉంది. దానంతటదే పుంజుకోలేదండీ.

మరి ఇదంతా ఎక్కడ రాసి ఉంది? ఎక్కడా లేదు. మన టోర్నమెంట్లలో టేబుల్ దగ్గర రాసే స్కోర్ షీట్‌లో ఎవరు ఎన్ని పాయింట్లు వేశారు, ఎవరికి ఎన్ని ఫౌళ్లు పడ్డాయి, ఎన్ని టైమౌట్లు వాడారు అన్నవే ఉంటాయి. రింగు తగిలి వెనక్కొచ్చిన బంతి అందుకునే రీబౌండ్‌కి గడి లేదు. పాస్‌కి గడి లేదు. స్క్రీన్ పెట్టి, అంటే కాచేవాడికి అడ్డంగా నిలబడి, మనవాణ్ని ఖాళీ చేసి పంపితే దానికీ గడి లేదు. ఏడో నంబరు గీసుకున్న మోచెయ్యి ఆ షీట్‌లో ఎదుటివాడి పేరు పక్కన ఫౌల్‌గా పడింది, ఇతని పేరు పక్కన ఏమీ పడలేదు. ఇతనికి మిగిలింది నాలుగు పాయింట్లు, నాలుగు ఫౌళ్లు. అతని ఆటలో ఆ కాగితానికి కనిపించేవి అతని తప్పులే. మీ విలేకరి ఆ కాగితం చూసి రాశారు. సెలెక్షన్‌లో కూర్చునే పెద్దలూ ఆ కాగితమే చూస్తారు. నా బాధ అంతా ఇదే.

పెద్ద ఆటల్లో ఇలా చూసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. అమెరికా ఎన్‌బీఏలో డెనిస్ రాడ్‌మన్ కెరీర్ సగటు మ్యాచ్‌కి 7.3 పాయింట్లు. అంతే. కానీ 1992 నుంచి 1998 దాకా వరసగా ఏడు సీజన్లు రీబౌండ్లలో అతనే మొదటివాడు. ఐదు టైటిళ్లు గెలిచాడు, 2011లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్నారు. 2015 ఫైనల్స్‌లో గోల్డెన్ స్టేట్ వారియర్స్ 2-1తో వెనకబడింది. ఆ సీజన్లో అప్పటిదాకా ఒక్క మ్యాచ్ కూడా మొదటి ఐదుగురిలో ఆడని ఆండ్రీ ఇగువడాలాను నాలుగో మ్యాచ్‌కి మొదటి ఐదుగురిలోకి తెచ్చారు. అవతలి జట్టు స్టార్ లెబ్రాన్ జేమ్స్‌ను కాచుకోవడం అతని పని. వరసగా మూడు గెలిచి కప్పు ఎత్తారు. ఫైనల్స్‌లో ఉత్తమ ఆటగాడి బహుమతి ఆ జట్టు పెద్ద షూటర్ స్టీఫెన్ కర్రీకి కాకుండా ఇగువడాలాకే ఇచ్చారు. ఆ బహుమతికి ఓటు వేసేది అక్కడి విలేకరులు, వాళ్లకు కళ్లు ఉన్నాయి కాబట్టి ఇచ్చారు.

అంత దూరం ఎందుకు, మన అమలాపురం సాత్విక్ సాయిరాజ్ స్మాష్ గురించి ఈ ప్రాంతంలో చిన్నపిల్లలు కూడా చెబుతారు. 2023లో ఏషియన్ గేమ్స్‌లో బ్యాడ్మింటన్ డబుల్స్ స్వర్ణం తెచ్చినప్పుడు ఊరూరా బాణసంచా కాల్చాం. మరి ఆ స్మాష్‌కి షటిల్ పైకి లేవాలంటే నెట్ దగ్గర అతని జోడీ చిరాగ్ శెట్టి ఎంత పని చేయాలో డబుల్స్ ఆడినవాడికి తెలుసు. అతను లేకుండా ఆ స్వర్ణం లేదు.

నేను ఏడో నంబరుకి అన్నీ ఉన్నాయని చెప్పడం లేదు. ఫౌల్ పడ్డప్పుడు వేసే ఫ్రీ త్రోలు బాగా లేవు, అవి రోజూ వంద వేసి బాగు చేసుకోవాల్సిందే. బంతి ఎక్కువసేపు చేతిలో ఉంటే టెన్షన్ పడతాడు. అందుకే అతనికి ఎక్కువ షాట్లు ఇమ్మని అడగను. ఎక్కువ నిమిషాలు ఇమ్మంటున్నాను. ‘బెంచీ మీంచి రావడం నామోషీ ఏం కాదు, మాను జినోబిలీ అంతటివాడే అలా వచ్చాడు’ అని మాతో ఒకాయన వాదించారు. నిజమే, ఎన్‌బీఏలో ఆడిన జినోబిలీ 2008లో, బెంచీ మీంచి వచ్చే ఉత్తమ ఆటగాడికిచ్చే సిక్స్త్ మ్యాన్ అవార్డు కూడా అందుకున్నాడు. కానీ మ్యాచ్ బిగుసుకున్నప్పుడు చివరి నిమిషాల్లో జినోబిలీ కోర్టు మీద ఉండేవాడు. మనవాణ్ని నాలుగో క్వార్టర్‌లో ఐదు నిమిషాలు ఉండగానే బయటికి పిలిచారు. అప్పటికి ఆధిక్యం ఉంది కాబట్టి బతికిపోయాం. ఆఖర్లో రెండు పాయింట్ల తేడాకి వచ్చేసింది, అందరం చూశాం.

ఇక ఆ కోర్టు సంగతి. రైతుల్ని నేను తప్పు పట్టను. తేమ 17 శాతం దాటితే ధాన్యం కొనరు, ఆరబోసుకోవడానికి కల్లాలు లేవు, రోడ్డు మీద పోస్తే లారీలు తొక్కేస్తాయి, వాళ్లు మాత్రం ఎక్కడికి పోతారు? ఆ ఏర్పాటు చూడాల్సినవాళ్లు చూడరు. సభ పెడితే కోర్టు మీదే, ఎగ్జిబిషన్ పెడితే కోర్టు మీదే. టెంటు గుంజల కోసం సిమెంటులో గునపంతో పొడిచిన గుంతలు మూడున్నాయి. నాలుగు లైట్లలో రెండు వెలగవు. ఒక బోర్డుకి వల లేదు, బంతి రింగులోంచి పడిందో పక్కనుంచి పోయిందో అని ప్రతి మ్యాచ్‌లో గొడవ. ఎన్ని అర్జీలు ఇచ్చామో లెక్కే లేదు. ప్రతి ఆఫీసులోనూ తీసుకుంటారు, స్టాంపు వేస్తారు, పంపిస్తారు. అలాంటి నేల మీద పడి మోచెయ్యి చెక్కుకున్న పిల్లవాడికి కనీసం మంచి మాట కూడా దక్కకపోతే, రేపు ఇంకొకడు ఎందుకు పడతాడు? ప్రతి కుర్రాడూ బంతి దొరికితే షాటే వేస్తాడు. ఇప్పటికే పొద్దున ప్రాక్టీసుకి వచ్చే పిల్లలు మూడు పాయింట్ల గీత దగ్గరే నిలబడుతున్నారు. డిఫెన్స్ నేర్పుతా రండ్రా అంటే ఒక్కడూ రాడు. వాళ్లు మీ పేజీ చదువుతారండీ, అందులో ఎవరి ఫొటో వస్తుందో చూస్తారు.

ఫైనల్ ఈ ఆదివారం సాయంత్రం. ఏడో నంబరును మొదటి ఐదుగురిలో దింపాలని, అది కుదరకపోతే చివరి ఐదు నిమిషాలైనా కోర్టు మీద ఉంచాలని కోచ్ గారిని మీ పేపరు ద్వారా కోరుతున్నాను. మీ విలేకరి గారిని ఈసారి టేబుల్ దగ్గర కాకుండా, వల లేని బోర్డు వెనక అరుగు మీద కూర్చోమనండి. నేనూ అక్కడే ఉంటాను. అతని కాళ్లు అక్కణ్నుంచి బాగా కనిపిస్తాయి.

ఇట్లు,
మీ పాత పాఠకుడు,
కోనసీమ