ఆ చెంపదెబ్బకు చప్పట్లా?

సంపాదకులకు,

రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడిన అమెరికా జనరల్ ప్యాటన్ మీద 1970లో వచ్చిన ‘ప్యాటన్’ సినిమాను ఈమధ్య కడపలో మిత్రులం కలిసి చూశాం. ప్యాటన్‌గా వేసిన జార్జ్ సి. స్కాట్ నటనకు అందరూ ఫిదా. ఆస్కార్ ఇస్తే వద్దన్న మనిషి మరి! కానీ ఆసుపత్రి సీను దగ్గర నాకు ప్రాణం చివుక్కుమంది. మనసు చెదిరి ఏడుస్తున్న సిపాయిని జనరల్ పిరికిపందవని తిట్టి చెంప పగలగొడతాడు. మావాళ్లలో ఒకాయన చప్పట్లు కొట్టి, "అట్లాంటోడుంటేనే సైన్యం దారిలో ఉంటాది" అన్నాడు.

నేను సైన్యంలో నర్సింగ్ అసిస్టెంటుగా చేసినవాణ్ణి. చేతిలో గ్లాసు నిలవక నీళ్లన్నీ ఒళ్లో ఒలకబోసుకునే జవాన్లకు నా చేత్తో తాగించాను. వాళ్లు పిరికివాళ్లు కారు.

సినిమాలో కొట్టింది ఒక్కణ్ణే. 1943 ఆగస్టులో ఇటలీలోని సిసిలీ దీవిలో నిజంగా దెబ్బలు తిన్నది ఇద్దరు. వాళ్లలో ఒకరికి మలేరియా ఉందని తర్వాత తేలింది. పైఅధికారి ఐసెన్‌హోవర్ మందలించి, ప్యాటన్‌తో క్షమాపణ చెప్పించాడు. ప్యాటన్ యుద్ధం తెలిసిన మొనగాడే, కాదనను. ఆ ఒక్క దెబ్బ మాత్రం నాకు మింగుడుపడదు. పిల్లలకు ఈ సినిమా చూపించేవాళ్లు ఆ మలేరియా సంగతి కూడా చెప్పండి.

— ఒక మాజీ సైనికుడు, కడప