కనీస వేతనం ఏటా రెండుసార్లు మారుతుంది

సంపాదకులకు,

విజయవాడ వన్‌టౌన్‌లో దుకాణాలకు లెక్కలు రాసే నేను తరచూ చూసేది, కనీస వేతనాన్ని ఒకసారి నిర్ణయించి ఏళ్ల తరబడి మరచిపోయే యజమానులనే. వినియోగదారుల ధరల సూచీని బట్టి మన రాష్ట్రంలో ఏప్రిల్, అక్టోబరు నెలల్లో సవరించే కరువు భత్యాన్ని మూల వేతనానికి కలిపితేనే అది చట్టబద్ధమైన వేతనమవుతుంది. కార్మిక శాఖ ఉత్తర్వు చూసి ఆ నెల నుంచే పెంచి, హాజరు, వేతనాల రిజిస్టర్లు సక్రమంగా రాసి, జీతపు చీటీ ఇస్తే తనిఖీకి భయపడనక్కరలేదు.

అదనపు గంటలకు రెట్టింపు చెల్లించాలి. పండగ ముందు రాత్రి పది దాటేదాకా నిలబడిన అమ్మాయిలకు భోజనం పెట్టించామనడం దానికి బదులు కాదు. తక్కువకు ఒప్పుకొని పనివారు సంతకం పెట్టినా ఆ ఒప్పందం చెల్లదని యజమానులు దయచేసి గ్రహించాలి.

– ఒక గుమాస్తా, విజయవాడ