"మా పరిధి కాదు" అన్న ప్రతి చోటా రసీదు అడిగాం: మన కాలనీ సంఘం 2024-25 వార్షిక నివేదిక

సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ప్రతి ఏడాదీ ఈ నివేదికలో వినాయక చవితి మండపం, బోరు మోటారు రిపేరు, వీధిలైట్లు, చందాల లెక్క రాసేవాళ్లం. అవి ఈసారీ ఉన్నాయి. ఖర్చుల కాగితం సంఘం గది తలుపు పక్కన అంటించాం, చూసి ఏ సందేహం ఉన్నా అడగండి. కానీ ఈ ఏడాది మన సమయం, ఓపిక ఎక్కువగా పోయింది వేరే పని మీద. పోలీస్ స్టేషన్, ఆరోగ్య కేంద్రం, స్థలాలకూ ప్లాన్లకూ సంబంధించిన ఆఫీసులు, ఎక్కడికి పోయినా మనకు వినబడిన మాట ఒక్కటే, "అది మా పరిధి కాదప్పా". ఆ మాట వెనకాల ఎవరి పరిధి ఉందో కనుక్కోవడానికే ఏడాది పట్టింది. అందుకే దాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

కొత్తగా ఇళ్లు కట్టుకున్నవాళ్లకు ఒక మాట చెప్పాలి. అనంతపురం పెరిగి పెరిగి రూరల్ మండలం పంచాయతీల్లోకి వచ్చేసింది. రుద్రంపేట, కక్కలపల్లి, నారాయణపురం వైపు పోయి చూడండి, నగరం ఎక్కడ ఆగిందో, పంచాయతీ ఎక్కడ మొదలైందో కంటికి తెలియదు. మన కాలనీ కూడా అలాంటి అంచులోనే ఉంది. ముందు నాలుగు వీధులు కార్పొరేషన్, వెనక వీధులు పంచాయతీ, లేఔట్ అనుమతులు పట్టణాభివృద్ధి సంస్థ, వంక (వాగు) ఇంకో శాఖ, మెయిన్ రోడ్డు మరో శాఖ. పన్ను మాత్రం ఏ వీధివాళ్లమైనా కడుతూనే ఉన్నాం.

మొదట పుస్తెలతాడు సంగతి. జూలై చివర్లో ఆరో వీధి పెద్దమ్మ ఒకరు పొద్దున్నే పాలకు పోతుంటే, బైక్ మీద వచ్చిన ఇద్దరు మెడలో తాడు తెంపుకుని పోయారు. మెడ కోసుకుపోయింది. దగ్గరి స్టేషన్‌కు పోతే, ఆ రోడ్డు వేరే స్టేషన్ కిందికి వస్తుంది, అక్కడికి పోండి అన్నారు. అక్కడికి పోతే, జరిగింది రోడ్డుకు అవతలి పక్క కదా, మొదటి స్టేషన్‌కే పోండి అన్నారు. సాయంత్రం దాకా ఆమె, కోడలు ఆటోలో తిరుగుతూనే ఉన్నారు. చివరికి "కాగితం రాసిచ్చి పోమ్మా, చూస్తాం" అన్నారు. ఆ కాగితానికి నంబరు లేదు, రసీదు లేదు.

కొత్త చట్టం వచ్చి అప్పటికి నెల కూడా నిండలేదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (నేరాల కేసులు ఎలా నడపాలో చెప్పే చట్టం) 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా సరే, ఏ స్టేషన్‌కు పోయినా ఫిర్యాదు నమోదు చేసుకోవాల్సిందే. జీరో ఎఫ్ఐఆర్ అంటారే, అది ఇదే. నమోదు చేశాక, పరిధి ఎవరిదైతే వాళ్లకు పంపుకోవడం స్టేషన్ల పని, మెడ కోసుకుపోయిన ముసలామె పని కాదు. ఇలాంటి నేరాల్లో ఎఫ్ఐఆర్ తప్పనిసరి అని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది కూడా. మేం నలుగురం ఆ సెక్షన్ ప్రింట్ తీసుకుని మళ్లీ పోయాం. "చట్టాలు మాకు నేర్పిస్తారా" అన్నారు. సరే అని అదే సెక్షన్‌లో ఉన్న రెండో దారి పట్టాం. స్టేషన్‌లో తీసుకోకపోతే ఫిర్యాదు సారాంశం రాసి పోస్టులో ఎస్పీకి పంపొచ్చు. రిజిస్టర్డ్ పోస్టులో పంపాం, సోమవారం అర్జీల రోజున పోయి చేతికి కూడా ఇచ్చాం. తొమ్మిదో రోజు ఎఫ్ఐఆర్ అయింది, కాపీ ఉచితంగా ఇచ్చారు. ఇవ్వాల్సింది కూడా ఉచితంగానే.

తాడు ఇంకా దొరకలేదు. అది రాయడానికి నాకు బాధగా ఉంది. కానీ దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోపు ఫిర్యాదుదారుకు తెలియజేయాలని 193వ సెక్షన్‌లో ఉంది కాబట్టి గడువు దగ్గరపడగానే లెటర్ పెట్టాం. ఒక ఎస్ఐ గారు ఇంటికే వచ్చి, ఏ ఏ కెమెరాలు చూశారో, ఎక్కడ ఆగిపోయారో పెద్దమ్మ పక్కన కూర్చుని చెప్పారు. ఆమె ఆ రోజు ఏడ్చింది, కానీ ఊరటగానే. పట్టుకోలేకపోయామని నిజం చెప్పినా జనం అర్థం చేసుకుంటారు, తిప్పి పంపితేనే నమ్మకం పోతుంది.

కెమెరాల మాట వచ్చింది కాబట్టి ఇది కూడా రాస్తాను. వీధుల్లో సీసీ కెమెరాలు పెట్టుకోమని పోలీసులు మనల్ని అడిగారు, చందాలు వేసుకుని పెట్టుకున్నాం. మంచిదే. అదే సమయంలో మనం కూడా ఒకటి అడిగాం. ప్రతి పోలీస్ స్టేషన్‌లో లోపలా బయటా కెమెరాలు ఉండాలని, రికార్డింగు 18 నెలలు, సాధ్యం కాకపోతే కనీసం ఏడాది దాచాలని పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో ఆదేశించింది. మా పరిధి స్టేషన్‌లో ఎన్ని ఉన్నాయి, ఎన్ని పని చేస్తున్నాయి అని సమాచార హక్కు కింద అడిగితే, భద్రతా కారణాల వల్ల చెప్పలేం అని జవాబు వచ్చింది. మొదటి అప్పీలు వేశాం. ఈ నివేదిక రాసే రోజుకి అది పెండింగ్‌లోనే ఉంది.

ఇక రెండోది కుక్కకాటు. పాల బూత్ దగ్గర ఏడేళ్ల పిల్లోణ్ని కుక్క కరిచింది, పిక్క మీద లోతుగా. వాళ్ల నాన్న సబ్బుతో బాగా కడిగి, నడిచిపోయేంత దూరంలో ఉన్న ఆరోగ్య కేంద్రానికి ఎత్తుకుపోయాడు. అడ్రసు చూసి, మీ వీధి పంచాయతీ కిందికి వస్తుంది, మీకు వేరే పీహెచ్‌సీ అన్నారు. ఆ పీహెచ్‌సీకి రెండు ఆటోలు మారాలి, పోయేసరికి ఓపీ అయిపోయింది. టీకా మరుసటి రోజు పడింది. రేబిస్ టీకా ఒక్కసారి వేసి ఊరుకునేది కాదు, మొదటి రోజు, మూడో రోజు, ఏడో రోజు, 28వ రోజు వేయించాలి. గాయం లోతుగా ఉంటే ఇమ్యునోగ్లోబులిన్ (టీకా పని చేసేలోపు కాపాడే మందు) కూడా ఇవ్వాలి, దానికి మళ్లీ పెద్దాసుపత్రికి. ఆ తండ్రి బేల్దారి పని చేస్తాడు, పోయిన ప్రతిసారీ ఒక రోజు కూలి పోయింది. ఆ నెల రోజులు ఆ ఇంట్లో ఎంత టెన్షన్ పడ్డారో పక్కింటివాళ్లకు తెలుసు.

మందు ఉండి కూడా అడ్రసు చూసి వెనక్కి పంపడం నాకు ఈ ఏడాది అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించిన విషయం. బెడ్డు లేదని ప్రభుత్వ ఆసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటి వెనక్కి పంపిన రోగి కేసులో, అత్యవసర వైద్యం అందించకపోవడం జీవించే హక్కును కాదనడమే అని సుప్రీంకోర్టు 1996లో తేల్చి, పరిహారం ఇప్పించింది. ఆ తీర్పు సంగతి రాసి జిల్లా వైద్య ఆరోగ్య అధికారి (డీఎంహెచ్‌ఓ) గారికి అర్జీ ఇచ్చాం. ఇప్పుడు దగ్గరి కేంద్రంలో వీధి అడగకుండానే టీకా వేస్తున్నారు, మార్చిలో ఇద్దరికి వేశారు. ఏ మందులు ఉన్నాయో, ఏవి అయిపోయాయో గోడ మీద బోర్డు రాయమని కూడా అడిగాం, ఆ బోర్డు ఇంకా రాలేదు. ఆసుపత్రి అభివృద్ధి సంఘం మీటింగుల మినిట్స్ అడిగాం, ఇవ్వలేదు, మళ్లీ అడుగుతాం. అక్కడ పని చేసే ఏఎన్ఎంల మీద, ఆశా అక్కల మీద మనకు ఏ ఫిర్యాదూ లేదు. జ్వరాల రోజుల్లో ఇల్లిల్లూ తిరిగింది వాళ్లే.

ఇప్పుడు వంక. దీని గురించి రాయాల్సింది చాలా ఉంది.

2022 అక్టోబరులో నడిమివంక పొంగినప్పుడు నగరంలో ఎన్ని కాలనీలు మునిగాయో ఎవరూ మరిచిపోలేదు. 2024 అక్టోబరులో పండమేరు వాగు పొంగి నగరం అంచున ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. వాన చాలక చెనక్కాయ ఎండిపోయే జిల్లా ఇది. అలాంటి చోట ఇళ్లు మునుగుతున్నాయంటే తప్పు వానది కాదు, నీళ్లు పోయే దారి మూసినవాళ్లది, మూస్తుంటే చూస్తూ ఊరుకున్నవాళ్లది. మన వెనక వీధుల్లో ఆ రెండుసార్లూ మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. కాబట్టి మన పక్కనుంచి పోయే కాలువ గురించి మూడే ప్రశ్నలు అడిగాం. రికార్డులో దీని వెడల్పు ఎంత? ఇప్పుడు ఎంత ఉంది? పూడిక తీయాల్సింది ఎవరు?

నాలుగు ఆఫీసుల్లో అడిగితే మూడు ఆఫీసులు మాది కాదు అని రాసిచ్చాయి. అయినా పనికొచ్చింది, ఎందుకంటే మాది కాదు అని సంతకం పెట్టి ఇచ్చిన కాగితాలు మూడు మన చేతిలో ఉంటే నాలుగో ఆఫీసు తప్పించుకోలేదు. ఎనిమిది నెలలకు గ్రామ నక్షా (ఊరి సర్వే మ్యాపు) కాపీ చేతికొచ్చింది. అందులో ఎద్దులబండి తిప్పుకునేంత వెడల్పుగా ఉన్న కాలువ, ఇప్పుడు మనిషి కాళ్లు చాచి దాటేంత మిగిలింది. మిగతాది రెండు పక్కలా కాంపౌండ్ గోడల కిందికి పోయింది. ఆ గోడల్లో రెండు మన సభ్యుల ఇళ్లవే. ఈ సంగతి దాచి నివేదిక రాయడం నాకు ఇష్టం లేదు. వాళ్లతో మాట్లాడాం, ఒకరు సర్వే చేయించి తేలితే గోడ వెనక్కి జరుపుకుంటానన్నారు, ఇంకొకరు ఇంకా ఒప్పుకోలేదు. పది మీటర్ల కంటే వెడల్పైన వాగుకు తొమ్మిది మీటర్లు, అంతకంటే చిన్న కాలువకు రెండు మీటర్లు వదిలి కట్టుకోవాలని బిల్డింగ్ రూల్స్‌లో ఉంది. ఆ రూలు ఉండగా ప్లాన్లకు అనుమతి ఎలా వచ్చిందని మన అసలు ప్రశ్న. ఇల్లు కొనుక్కున్నవాడు అప్పులు చేసి కొన్నాడు, అతనొక్కడినే దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు. సంతకం పెట్టిన అధికారి హోదా, తేదీ అడిగాం. జవాబు రాలేదు, రెండో అప్పీలు 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కు వేయాలి, ఆ కాగితాలు సిద్ధమయ్యాయి.

లేఔట్‌లో పార్కు కోసం వదిలిన పది శాతం స్థలం మాత్రం దక్కింది. ఆ స్థలం రాసిచ్చిన గిఫ్ట్ డీడ్ (దానపత్రం) కాపీ తీసుకుని కంచె వేయించాం.

కొందరు సభ్యులు, ఎందుకప్పా ఆఫీసర్లతో పెట్టుకోవడం, రేపు మనకే పని పడుతుంది కదా అన్నారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది, అర్జీ పెట్టిన ఇద్దరికి ఫోన్లు కూడా వచ్చాయి. కానీ మనం అడిగింది కొత్త విషయమేమీ కాదు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మన జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. ఆ చట్టం 17వ సెక్షన్‌లోనే సామాజిక తనిఖీ పెట్టారు. ఎవరు ఎన్ని రోజులు పని చేశారు, ఎంత కూలి ఇచ్చారు అని ఊరి జనం ముందు పేరుపేరునా చదువుతారు, ప్రజావేదికలో అధికారి లేచి జవాబు చెప్తాడు. గుంత తవ్విన కూలీ లెక్క అందరి ముందూ చదవగలిగినప్పుడు, ఆరోగ్య కేంద్రంలో టీకాల లెక్క, స్టేషన్‌కు వచ్చిన ఫిర్యాదుల లెక్క, కాలువ పక్కన ఇచ్చిన ప్లాన్ల లెక్క ఎందుకు చదవకూడదు? వచ్చే ఏడాది పంచాయతీ వీధులవాళ్లం గ్రామసభలో ఇదే అడగాలని కార్యవర్గం నిర్ణయించింది.

అర్జీల గురించి రెండు మాటలు. సమాచార హక్కు చట్టం ఆ హక్కు పౌరులకు ఇచ్చింది, సంఘం పేరుతో పెడితే తిరస్కరించే వీలుంది, అందుకే మనుషుల పేర్లతోనే పెడుతున్నాం. ఇప్పటిదాకా ముగ్గురి పేర్లే తిరుగుతున్నాయి, ఇంకో ఐదుగురు కావాలి. ఫీజు గ్రామ స్థాయిలో లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. రాయడం రాకపోతే నేను రాసిపెడతాను. రసీదు లేకుండా ఏ కాగితమూ ఏ ఆఫీసులోనూ ఇవ్వొద్దు.

ఇంకొకటి. కాలువ పాత వెడల్పు చూపించే ఫోటోలు కావాలి. లేఔట్ వేయకముందు ఇక్కడ చేలు ఉన్నవాళ్లు మనలో నాలుగు కుటుంబాలున్నాయి. పెళ్లి ఫోటోలో వెనకాల కనబడినా సరే, పిల్లలు కాలువలో ఈత కొడుతున్న ఫోటో అయినా సరే, తెచ్చిస్తే స్కాన్ చేసి అదే రోజు వెనక్కి ఇచ్చేస్తాం. సర్వేయర్ వచ్చేలోపు అందితే మంచిది.

కార్యదర్శి