అన్నిటినీ ఆటిజం ఖాతాలో వేయకండి

సంపాదకుల వారికి,

ఆటిజం మీద వచ్చే వ్యాసాలు చాలావరకు మాటలు ఎప్పుడొస్తాయి, బడిలో చేర్చుకుంటారా లేదా అన్న దగ్గరే ఆగిపోతాయి. ఆటిజం ఉన్న పిల్లాడికి కడుపులో నొప్పి వస్తే ఎలా తెలుస్తుందన్న సంగతి జోలికి ఎవరూ పోరు. ప్రత్యేక అవసరాల పిల్లలకు పాఠాలు చెప్పే దాన్ని కాబట్టి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మలబద్ధకం, నిద్ర పట్టకపోవడం, ఫిట్స్, ఏడీహెచ్‌డీ (నిలకడగా ఉండలేకపోవడం, ధ్యాస కుదరకపోవడం), విపరీతమైన ఆందోళన ఇవన్నీ మిగతా పిల్లల్లో కన్నా ఆటిజం ఉన్నవాళ్లలో ఎక్కువ. నిద్ర తిప్పలైతే సగానికి పైగా పిల్లలకు ఉంటాయి. ఫిట్స్ కొందరికి పసితనంలో వస్తే, మరికొందరికి యుక్తవయసులో మొదలవుతాయి. 'చిన్నప్పుడు రాలేదుగా' అని ధీమాగా ఉండటానికి లేదు. ఇదంతా కొత్తగా కనిపెట్టిందీ కాదు. 1943లో పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ ఆటిజం ఉన్న 11 మంది పిల్లల గురించి రాసినప్పుడే, వాళ్లలో చాలామందికి తిండి దగ్గర ఇబ్బందులున్నాయని రాశాడు.

అయినా ఫైలు మీద ఆటిజం అని ఒకసారి పడిందంటే, ఆ తర్వాత ఏమొచ్చినా దాని కిందే కట్టేస్తారు. మా దగ్గరికి వచ్చే ఒక బాబు, మాటలు లేవు, ఉన్నట్టుండి కుడి చెంప మీద కొట్టుకోవడం మొదలుపెట్టాడు. మెత్తగా ఉంటేనే తింటున్నాడు, అదీ ఎడమవైపే నములుతున్నాడు. వైద్యుడికి చూపిస్తే 'ఈ పిల్లలు ఇలాగే చేస్తారమ్మా' అని చిరాకు, దూకుడు తగ్గడానికి వాడుతున్న రిస్పెరిడోన్ అనే మందు డోసు పెంచి పంపించారు. నోరు తెరిచి చూసింది లేదు. వాళ్లమ్మ ఊరుకోక పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, వెనక దంతం కింద చీము పట్టి ఉంది. పన్ను తీశాక కొట్టుకోవడం ఆగింది. ఆ మందుకు ఆకలీ బరువూ పెరుగుతాయి. పెరిగిన బరువు ఇంకా తగ్గలేదు.

తెల్లకోటు కనబడితే పరుగెత్తే పిల్లాడి చేత నోరు తెరిపించడం తేలికని నేననను. కానీ ప్రయత్నమైనా చేయాలి కదా!

మాటలొచ్చిన వాళ్ల పరిస్థితీ అంతంతమాత్రమే. ఒంట్లో ఏం జరుగుతోందో పోల్చుకోవడమే కొందరికి కష్టం, ఇక ఎక్కడ నొప్పి అంటే ఏం చెబుతారు? మనసు సంగతి మరీ అన్యాయం. అమెరికా మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథం 2013 దాకా ఆటిజం ఉన్నవారికి ఏడీహెచ్‌డీ కూడా ఉందని రాయడానికే ఒప్పుకోలేదు. గ్రంథం మారింది, అలవాటు పోలేదు. చదువుకుని ఉద్యోగం చేస్తున్న ఆటిజం వ్యక్తి దిగులుగా ఉందంటే 'నీ తీరే అంత' అని కొట్టిపారేస్తారు. ఆత్మహత్య ముప్పు ఇలాంటి వాళ్లలో ఇతరుల కన్నా ఎక్కువని తెలిసి కూడా.

నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడింది కాదు. ప్రవర్తన హఠాత్తుగా మారిందంటే, మందు రాసేముందు చెవులు, పళ్లు, పొట్ట చూడండి. విరేచనం ఎప్పుడైందో, రాత్రి ఎన్ని గంటలు పడుకున్నాడో అడగండి. ఆస్పత్రులు వీళ్లను గంటలకొద్దీ వరసలో కూర్చోబెట్టకుండా ముందు పిలిచి, మరో పది నిమిషాలు ఎక్కువ కేటాయించాలి. ఇంట్లో వాళ్లు ఫోన్‌లో వీడియో తీసుకొస్తే విసుక్కోకుండా చూడాలి. డాక్టరు గదిలోకొచ్చాకే ఫిట్స్ రావాలని లేదు కదా.

ఇట్లు,
ఒక ప్రత్యేక విద్య ఉపాధ్యాయురాలు