మా నాన్నను ఇంటికి చేర్చిన విజయనగరం వాళ్లకు

మొన్న గురువారం సాయంత్రం వాకింగ్‌కని వెళ్లిన నాన్న ఏడున్నర దాటినా ఇంటికి రాలేదు. ఆయనకు 76 ఏళ్లు. ఏడాదిగా మతిమరుపు ఎక్కువైంది. ఫోనేమో మంచం మీదే ఉంది. నేనూ మా ఆవిడా చెరో వైపు బయల్దేరాం. కోట చుట్టూ తిరిగాను, మూడు లాంతర్ల దగ్గర చూశాను. గంటస్తంభం దగ్గరికి వచ్చేసరికి నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

అక్కడ పూలమ్మే ఆవిణ్ని అడిగాను. "తెల్లపంచె, సేతిలో గొడుగు... మాస్టారే కదా? రోజూ కనిపిస్తారు బాబూ. ఇయ్యాల ఇటు రానేదు" అంది. ఆవిడ దగ్గర నేను ఏనాడూ మూర పూలు కూడా కొనలేదు. అయినా బుట్ట అక్కడే వదిలేసి, ఆటోస్టాండు వాళ్లను తనే కేకేసింది. నలుగురు ఫోన్లు తీశారు. పది నిమిషాల్లో కబురొచ్చింది, సంగీత కళాశాల దగ్గర టీకొట్టులో ఉన్నారని.

నాన్నకు ఘంటసాల అంటే ప్రాణం. ఘంటసాలగారు చదువుకున్న కాలేజీ అని రోజూ అటే వెళ్తారు. 1919లో పెట్టారనీ, ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాల్ అనీ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెబుతారు. ఆ రోజు ఎవరో వీణ సాధన చేస్తుంటే గోడ పక్కన నిలబడిపోయారట. చీకటి పడ్డాక దారి తెలియలేదు. టీకొట్టు ఆయన గమనించి బల్ల మీద కూర్చోబెట్టి, షుగరుందా అని అడిగి మరీ చక్కెర లేని టీ ఇచ్చారు. నేను వెళ్లేసరికి నాన్న గొడుగు ఒళ్లో పెట్టుకుని, మోకాలి మీద తాళం వేసుకుంటున్నారు.

మూడేళ్ల క్రితం బదిలీ మీద హైదరాబాద్ నుంచి వచ్చాం. అక్కడ ఎనిమిదేళ్లు ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉన్నా నాన్న ఎవరన్నది వాచ్‌మన్‌కి తప్ప పెద్దగా ఎవరికీ తెలీదు. ఇక్కడికొచ్చిన కొత్తలో నేను చాలా సణిగాను. ఇప్పటికీ నాన్నను పెద్ద డాక్టరుకు చూపించాలంటే విశాఖ తీసుకెళ్తున్నాం, ఆ ఇబ్బంది ఉంది. కానీ ఆ సాయంత్రం నేను ఫోటో చూపించాల్సిన అవసరం కూడా రాలేదు. "గొడుగు మాస్టారు" అంటే చాలు, అందరికీ తెలుసు.

ఆటో ఆయన మమ్మల్ని ఇంటిదాకా దింపి డబ్బులు తీసుకోలేదు. "రోజూ మాకు నమస్కారం పెడతారండీ ఆయన" అన్నారు.

పూలమ్మగారికి, టీకొట్టు ఆయనకు, ఆటోస్టాండు అన్నలందరికీ మా ఇంటిల్లిపాది తరఫున దండాలు. మీ మేలు మరిచిపోలేం. నాన్న మళ్లీ వాకింగ్ మొదలుపెట్టారు. చొక్కా జేబులో మా నంబర్లు రాసిన కార్డు పెట్టాను. ఏడు దాటాక ఎక్కడైనా కనిపిస్తే దయచేసి ఒక్క ఫోన్ చేయండి, వచ్చేస్తాను.