ఆ కుండ బిర్యానీ సంగతి

ఒరేయ్ రఘూ,

నీ ఉత్తరం అందింది. అంకుల్, ఆంటీల పెళ్లిరోజని జూబ్లీహిల్స్‌లో అంత అందంగా కట్టిన బార్ అండ్ రెస్టారెంట్‌కి తీసుకెళ్తే, ఆంటీ సగం అన్నం పళ్లెంలోనే వదిలేసి లేచారని చదివి చాలా బాధేసింది రా. తప్పంతా నీ మీద వేసుకోకు. నువ్వు రాసిన వంటలూ టైములూ చూస్తే ఎక్కడ చెడిందో తెలుస్తూనే ఉంది. నువ్వు మధ్యాహ్నం పన్నెండున్నరకి వెళ్లావు. ఆ వంటిల్లేమో రాత్రి కోసం నడుస్తుంది.

అలాంటి చోట్ల గిరాకీ ఎనిమిది దాటాకే ఊపందుకుంటుంది కాబట్టి, చేయి తిరిగిన వంటవాళ్లని సాయంత్రం డ్యూటీకి వేస్తారు. పగలుండే ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ల చేతుల్లో రాత్రికి కావలసిన కోతలు, నానబెట్టడాలు, గ్రేవీలు ఉంటాయి. గ్రేవీలంటే ముఖ్యంగా మూడు: ఉల్లి టమోటాది, వెన్న టమోటాలతో చేసే మఖనీ, జీడిపప్పు కర్బూజ గింజలతో చేసే తెల్లది. మెనూలో ఉన్న పాతిక కూరలూ వీటిలోంచే పుడతాయి. అదేం మోసం కాదు, ఏ రెస్టారెంట్‌లోనైనా అంతే. కాకపోతే ఆర్డరు వచ్చాక అల్లం వెల్లుల్లి వేయించి, మసాలా వేసి, నూనె పైకి తేలేదాకా ఐదారు నిమిషాలు మరిగిస్తేనే ఏ కూర రుచి దానికొస్తుంది. పగటి పూట గ్రేవీ వేడెక్కగానే క్రీము పోసి పంపేస్తారు. నీకు రెండు కూరలూ ఒకేలా అనిపించడానికి కారణం అదే.

ఇక బిర్యానీ. పిండి మూత వేసిన చిన్న కుండ పదిహేను నిమిషాల్లో టేబుల్ మీదికి వచ్చిందన్నావు. అక్కడే విషయం బయటపడింది. మన కచ్చీ బిర్యానీకి పెరుగు, మసాలా, పచ్చి బొప్పాయి పట్టించిన పచ్చి మాంసం అడుగున పరిచి, ముప్పాతిక లోపు ఉడికిన బియ్యం పైన వేసి మూతకి పిండి మెత్తాలి. కిలో మాంసానికి కిలో బియ్యం. పెద్ద సెగ మీద పదిహేను నిమిషాలు, తర్వాత కుండ కింద పెనం పెట్టి సన్న సెగ మీద ముప్పై ఐదు నలభై నిమిషాలు. నానబెట్టిన గంటలు వదిలేసినా దమ్‌కే గంట దగ్గర పడుతుంది. పైగా ఒక్కరికి సరిపోయే కుండలో నాలుగు ముక్కల నుంచి అంత ఆవిరి పుట్టదు, లోపల ఉడికేలోపు అడుగు మాడుతుంది. అందుకే అసలైన దమ్ పెద్ద హండీలోనే వేస్తారు. నీకొచ్చింది ముందే వండి ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం, విడిగా చేసిన మాంసం కూర. రెండూ కుండలో సర్ది, పిండి అంటించి, ఓవెన్‌లో వేడి చేశారు. చల్లబడిన అన్నంలో గంజి గట్టిపడుతుంది, మళ్లీ సరిగ్గా వేడి తగలకపోతే మెతుకు బిరుసుగానే ఉంటుంది. ఆంటీ ‘గొంతులో దిగట్లేదు’ అన్నది ఇదే. మరోసారి బిర్యానీ వస్తే గరిటె అడుగుదాకా దింపి తియ్యి. తెల్ల మెతుకు, కుంకుమపువ్వు రంగు మెతుకు, అడుగున మసాలా పట్టిన మెతుకు విడివిడిగా కనిపించాలి. అంతా ఒకే పసుపు రంగులో ఉంటే అది కలిపిన అన్నమే.

అపోలో ఫిష్ మెత్తబడి నీళ్లూరిందన్నావు కదా. దానికి కొర్రమీను ఉండాలి, కండ గట్టిగా ఉంటుంది. ముల్లు తీసిన బాసా అనే చేప చవగ్గా దొరుకుతుందని చాలా చోట్ల అదే వాడతారు. గడ్డకట్టిన బాసాని హడావుడిగా నీళ్లలో కరిగించి, తుడవకుండా గుడ్డు, కార్న్‌ఫ్లోర్‌లో ముంచితే పూత నిలవదు. నూనె 175 డిగ్రీల దగ్గర ఉండాలి. బుట్ట నిండా ముక్కలు గుమ్మరిస్తే వేడి ఒక్కసారిగా పడిపోయి, ముక్క వేగే బదులు నూనె పీలుస్తుంది. ఆపైన పెరుగు, కరివేపాకు, పచ్చిమిర్చిలో కలిపితే ఇంకా నానుతుంది. ‘చేప ఏది?’ అని ముందే అడుగు. తడబడితే వద్దను.

నాన్ తెల్లగా, తోలులా రావడానికి తందూరే కారణం. బొగ్గు తందూర్ గోడలు కాగడానికి గంటకి పైనే పడుతుంది. తెరవగానే వెళ్తే అది సగం వేడి మీదే ఉంటుంది. అంకుల్ నిమ్మ సోడా చేదుగా ఉందన్నారంటే ముందు రోజు పిండి పెట్టిన రసం అయ్యుండొచ్చు. ‘ఇప్పుడే పిండి ఇవ్వండి’ అంటే కాదనరు.

బిల్లు మాత్రం వదలొద్దు. ఫుడ్ 4,000, సర్వీస్ ఛార్జ్ 10 శాతం అంటే 400, ఆ మొత్తం మీద 5 శాతం జీఎస్టీ 220, వెరసి 4,620 అన్నావు. సర్వీస్ ఛార్జ్ తీసేస్తే 4,200 కట్టాలి. తేడా 420, ఎందుకంటే ఆ ఛార్జ్ మీద కూడా పన్ను వేశారు. సర్వీస్ ఛార్జ్‌ని బిల్లులో వాళ్లంతట వాళ్లు కలపకూడదని వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలిచ్చింది, 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. మేనేజర్‌ని పిలిచి తీసేయమని మర్యాదగా చెప్పు. ఒప్పుకోకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యి. నీ బీరు సంగతి వేరే. మద్యం జీఎస్టీలోకి రాదు, దాని మీద రాష్ట్రం వేసే పన్నులు వేరే. దాని మీద జీఎస్టీ పడి ఉంటే అదీ అడగాలి.

పెద్దవాళ్లతో మధ్యాహ్న భోజనానికైతే మధ్యాహ్నమే అసలు వ్యాపారంగా ఉన్న మీల్స్ హోటల్‌కి వెళ్లు. అక్కడ అన్నం గిన్నె గంటకోసారి మారుతుంది, పప్పు పొయ్యి మీద నుంచే వస్తుంది. ఆ బార్‌కే మళ్లీ వెళ్లాలనుంటే ఆదివారం ఒకటిన్నర దాటాక వెళ్లు, అప్పటికి తందూర్ కాగి ఉంటుంది, వంటింట్లో చేతులూ ఎక్కువుంటాయి. బిర్యానీ జోలికి పోకుండా అప్పటికప్పుడు పెనం మీద చేసేవి చెప్పు.

బిల్లు ఫోటో పంపు, బీరు లైను నేనూ చూస్తాను. ఆంటీకి ఇప్పుడు ఒంట్లో ఎలా ఉందో కూడా రాయి.

నీ
ప్రసాద్